నక్క తోక

తెల్లారగట్ల మూడున్నరకి ఫోను.
ఎండాడ దాటాక, పెట్రోల్ బంకుకి ఎదురుగా
డివైడర్ పక్కన ఏదో పడుందట.
"కుక్కేనా?" అన్నాను.
"ఏదో ఒకటి. బేగి తియ్యండి, ఆఫీసర్లు తిరిగే రోడ్డు."

గురవులు బండి తీశాడు.
ఎర్నమ్మ చేతిలో పార, నా భుజాన సున్నం బస్తా.
ఏడేళ్లుగా మా ముగ్గురి పనీ ఇదే:
ఊరు లేచేలోగా
రాత్రి జరిగింది జరగనట్టు చెయ్యడం.

టార్చి వేస్తే కుక్క కాదు.
సన్నటి మూతి, ఎండుగడ్డి రంగు ఒళ్లు,
తోక చివర మసి.
టైరు నడుం మీంచి పోయింది.
ఎర్నమ్మ నవ్విందో ఏడ్చిందో ఆ చీకట్లో తెలీలేదు:
"నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గదరా,
ఈ లారీవోడు తోకొగ్గేసి నక్కని తొక్కీసినాడు."

ఆమె చిన్నప్పుడు ఈ రోడ్డు రెండు లారీల వెడల్పు.
కంబాలకొండ దిగి, సరుగుడు తోటల్లోంచి
నక్కలు సముద్రానికి పోయేవట, పీతల కోసం.
"పొద్దున్నే ఇసక మీద అడుగులు జూసి
మాయమ్మ సెప్పీది, రాత్రి ఎన్నొచ్చాయో.
మా పీతలు మాకు, ఆటి పీతలు ఆటికి."
నక్కకీ నాకలోకానికీ ఎంత దూరమో నాకు తెలీదు గానీ
కొండకీ పీతకీ మధ్య తారు ఎంతుందో
ఒకసారి అడుగులేసి కొలిచాను: నలభై ఎనిమిది.

రిజిస్టర్లో గళ్లు: కుక్క, పంది, ఆవు, పిల్లి.
నక్కకి గడి లేదు.
"కుక్కలో రాసీ" అన్నాడు సూపర్‌వైజరు.
రాశాను.
మొన్న పునుగుపిల్లిని పిల్లిలో రాశాను.
ముంగిసని ఎందులోనూ రాయలేదు,
అది పారకి కూడా రాలేదు.

ఎండా వానా కలిసొస్తే
కుక్కకీ నక్కకీ పెళ్లని గంతులేసేవాళ్లం.
కాపులుప్పాడ చెత్తకుప్ప మీద ఇప్పుడు
వానా అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు.
రెండూ ఒకే కోడిపేగుని చెరో వైపు లాగుతాయి.
కుక్కల జబ్బు నక్కలకి అంటింది.
నురగ కక్కుకుంటూ కొండెక్కినవి
మా లెక్కలోకి రావు.

ఆ కుక్కల వెనకే చిరుత దిగింది.
అపార్ట్‌మెంట్ కెమెరాలో నాలుగు సెకన్లు:
గోడ, తోక, గోడ.
గోడ మీద పెద్ద అక్షరాల్లో 'ఫారెస్ట్ వ్యూ'.
మర్నాడు గేటు దగ్గర అందరూ గుమిగూడి
ఇది ఇక్కడికెందుకొచ్చిందని అడిగారు.
నేను నవ్వుకున్నాను,
సాయంత్రం ఇంటికెళ్లేదాకా.

మా ఇల్లూ కొండవాలే.
పునాది తవ్వుతుంటే బండ కింద బొరియ తగిలింది.
లోపల ఈకలు, చిన్నెముకలు,
ఇంకా వెచ్చగా ఉన్న మట్టి.
రెండు గమేళాల కాంక్రీటు పోసి మూసింది నేనే.
మేకపిల్ల పోయిన రోజు
అటవీశాఖని బూతులు తిట్టిందీ నేనే.

మొన్న అమావాస్య రాత్రి
బండి లైట్ల వెలుగులో ఒకటి. బతికున్నది.
డివైడర్ మొక్కల్లో నిలబడి, ముందు కాలొకటి ఎత్తి.
గురవులు ఏమీ అనలేదు, బండిని రోడ్డుకి అడ్డంగా తిప్పేశాడు.
ఎర్నమ్మ దిగి
పార అడ్డంగా పట్టుకుని కంటైనరుకి ఎదురు నిలబడింది.
హారన్ మోగుతూనే ఉంది.
"ఎల్లవే, బేగెల్లు."

అది ఆమెని చూసింది. పారని ఇంకాస్త సేపు చూసింది.
మా ముగ్గురి వాసనా దానికి తెలిసే ఉంటుంది.
తర్వాత కొండ వైపు పోయింది.
పీతలు తిని వస్తోందో,
సముద్రం దాకా పోలేకే వెనక్కి తిరిగిందో.

తోక ఎవరూ తొక్కలేదు.
నాలుగున్నరకి మళ్లీ ఫోను.